మూడో చరణం దగ్గర మౌనం

మా కాలేజీకి ఈ ఏడాదితో వందేళ్ళు నిండాయి. ఈ మాట విశాఖపట్నంలో ఎవరితో అన్నా ముందు నమ్మరు. "కంచరపాలెం పట్టాల అవతల కాలేజీ ఉన్నాదేటి?" అని అడుగుతారు. ఉంది. నాలుగు వందల అరవై మంది పిల్లలు, పద్దెనిమిది మంది మాస్టార్లు, ఒక ప్రార్థన హాలు, ఒక గంట, ఒక జోజి. బొగ్గు బండి పోతుంటే మాత్రం పాఠం వినపడదు. యాభై ఎనిమిది పెట్టెలూ దాటేదాకా మాస్టారు చాక్‌పీసు పట్టుకుని నిలబడతాడు, పిల్లలు పెట్టెలు లెక్కపెడతారు. ఇక్కడ చదివినవాళ్ళకి ఇంకేం రాకపోయినా ఆ లెక్క బాగా వస్తుంది.

నేనూ అలా లెక్కపెట్టి బి.ఏ. పాసైనవాణ్ణే. పేరు అర్జునరావు. జాలరిపేట నుంచి చదువుకోడానికి వచ్చి, చివరికి ఇక్కడే తెలుగు మాస్టారుగా కూలబడ్డాను. మా అమ్మ చిట్టమ్మ ఇప్పటికీ చేపల గంప దించి, "కిరస్తానం కాలేజీలోనే ఉండిపోనావేటిరా, ఇంకో కాలేజీయే దొరకనేదేటి నీకు?" అంటుంది. దొరకలేదని కాదు, వెతకలేదు.

ఈ కాలేజీని మిస్ క్లారా అనే దొరసాని మొదలుపెట్టింది. హార్బరు ఇంకా తవ్వుతున్న రోజుల్లో ఓడ దిగి, ఒక పాత ఉప్పు గోడౌన్లో పదకొండు మంది ఆడపిల్లల్ని కూర్చోబెట్టి పాఠం చెప్పిందట. ఎవరేం చదివినా అందరూ అన్నీ కొంచెం కొంచెం నేర్చుకోవాలన్నది ఆవిడ పట్టుదల. అందుకే ఇప్పటికీ మా దగ్గర కెమిస్ట్రీ కుర్రాడు పాట పాడాలి, తెలుగు చదివేవాడు మొక్క నాటాలి. నేను నాటిన మొక్క బతకలేదు. కెమిస్ట్రీ వాళ్ళ పాట గురించి నేను ఏమీ అనను.

ఆవిడ ఫోటో ఆఫీసు గోడ మీద ఉంది. దాని కిందే స్టూలు వేసుకుని జోజి కూర్చుంటాడు. హాజరు పుస్తకంలో అతని ఉద్యోగం 'అటెండరు కమ్ టైపిస్టు'. పొద్దున్నే వచ్చి గదుల తాళాలు తీస్తాడు, ప్రార్థన హాలు ఊడుస్తాడు, గంట కొడతాడు, టీ పెడతాడు, మిగిలిన టైములో టైపు కొడతాడు. తెల్ల చొక్కా జేబులో రెండు పెన్నులు పెట్టుకుంటాడు. వాటిలో ఒకటి రాయదు, దర్జా కోసం పెట్టుకున్నది. ఆదివారం చర్చిలో మూడో వరసలో కూర్చుని, ప్రసంగం మొదలైన ఐదు నిమిషాలకి నిద్రపోతాడు. ఆమెన్ దగ్గర మాత్రం పాస్టరుగారి కంటే ముందు అంటాడు. నలభై ఏళ్ళలో అతను సెలవు పెట్టిన రోజులు నా వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అన్నేళ్ళలో వేదిక మీద నుంచి అతని పేరు ఒక్కసారి కూడా ఎవరూ పలకలేదు. మైకు పని చెయ్యకపోతే మాత్రం "జోజీ!" అని అరిచేవారు.

ఈ నెలాఖరుకి అతను రిటైరవుతున్నాడు. శతవార్షికోత్సవం, వ్యవస్థాపకుల దినం రెండూ కలిపి చేసే శనివారం నాడే అతనికి శాలువా కప్పుతామని ప్రిన్సిపాల్ రిచర్డ్ గారు అన్నారు. ప్రోగ్రాం కాగితంలో 'శ్రీ జోజి గారికి సన్మానం' అని అచ్చయింది. ఆ కాగితాన్ని అతను కంచరపాలెంలో చూపించని ఇల్లు లేదు. కొత్త చొక్కా కుట్టించుకున్నాడు, చర్చివాళ్ళని మూడు ఆటోల నిండా పిలిచాడు. అతని భార్య రోజలిన్ పట్టుచీరకి ఫాల్ కుట్టించుకుంది.

ఇక మౌనం సంగతి చెప్పాలి. ప్రతి సోమవారం తొమ్మిదింటికి ప్రార్థన హాల్లో మేమందరం కాలేజీ పాట పాడతాం. హిందువులం, క్రైస్తవులం, ఎవరైనా పాడాల్సిందే. పాత రోజుల్లో పాటల మాస్టారు బెన్సన్ గారు రాసి, బాణీ కట్టిన పాట అది. మూడు చరణాలు. మూడో చరణంలో మూడు లైన్లు పాడాక హార్మోనియం ఆగిపోతుంది. అందరం తల వంచుకుంటాం. పది సెకన్లు ఈగ వాలినా వినపడుతుంది. ఆ తరవాత హార్మోనియం మళ్ళీ లేస్తుంది, పల్లవి అందుకుంటాం. దొరసానమ్మగారి కోసం మౌన ప్రార్థన అని కొత్త పిల్లలకి చెబుతారు. చనిపోయినవాళ్ళ కోసం ప్రార్థన చెయ్యడం మన పద్ధతి కాదే అని ఒకసారి ఒక పాస్టరుగారు సందేహపడితే, 'మౌన స్మరణ' అని పేరు మార్చి ఊరుకున్నారు. తలలు మాత్రం అలాగే వంచాం.

నిజం చెప్పాలంటే నేను ఫస్టియర్లో ఒక సోమవారం తల వంచలేదు. హాలు మొత్తం మీద వంచని తలలు రెండే. రెండోది సుధారాణిది. పది సెకన్లు ఒకరినొకరు చూసుకున్నాం. ఇప్పుడు ఆవిడ మా ఇంట్లో రోజూ నన్ను అంతకంటే ఎక్కువ సేపే చూస్తుంది గానీ, ఆ చూపు వేరు.

ఈ ఏడాది కాలేజీలకి గ్రేడు ఇచ్చే తనిఖీ బృందం వస్తోంది. 'మీ సంస్థకే ప్రత్యేకమైన ఆచారాలు రెండు రాయండి' అని ఫారంలో ఉంది. వాననీటి గుంత ఒకటి ఉంది కాబట్టి అది రెండోది. మొదటిది మౌనం అని రిచర్డ్ గారు తేల్చేశారు. రాసే పని నాకు అప్పగించారు. నేను ఒళ్ళు మరిచి ఒకటిన్నర పేజీ రాశాను. 'మాటలకు అందని కృతజ్ఞత', 'నిశ్శబ్దమే మా గురుదక్షిణ' లాంటివన్నీ అందులో ఉన్నాయి. రిచర్డ్ గారు చదివి కళ్ళద్దాలు తుడుచుకున్నారు. ఫ్లెక్సీ కొట్టించి గేటుకి కట్టించారు కూడా.

ముఖ్య అతిథిగా దేవకుమారి గారు వస్తారని తెలిసింది. ఎనభై ఎనిమిదేళ్ళ మనిషి. మా కాలేజీలో డెబ్భై ఏళ్ళ కిందట చదివిన పాత విద్యార్థిని. ఖరగ్‌పూర్‌లో రైల్వే బడికి హెడ్మిస్ట్రెస్‌గా చేసి, ఇన్నాళ్ళూ అక్కడే ఉండి, ఈ మధ్యే దువ్వాడలో మనవరాలి ఇంటికి వచ్చారు. ఆహ్వానం పట్టుకుని జోజి దువ్వాడ వెళ్ళాడు. వెళ్ళేటప్పుడు ఈల వేసుకుంటూ వెళ్ళిన మనిషి, వచ్చేసరికి మొహంలో నెత్తురు చుక్క లేదు. నా చెయ్యి పట్టుకుని స్టేషనరీ గదిలోకి లాక్కెళ్ళి తలుపు మూశాడు.

"మాస్టారూ, నా కొంప ములిగిపోనాది."

"ఏటైంది జోజన్నా? ఆవిడ రానన్నారా?"

"రానంటే కొబ్బరికాయ కొట్టీసీవోణ్ణి. వత్తన్నారు! ఆవిడికి పాట మొత్తం వచ్చు. మూడు సరణాలూ. మూడో సరణం అంటే మరీ ఇష్టమట. నాలుగో లైను దగ్గిరికి వచ్చేసరికి ఆస్టలు వంటామె గరిటె పట్టుకుని వచ్చి తలుపు కాడ నిలబడి వినీదట."

క్రైస్తవుడు కొబ్బరికాయ కొట్టడం గురించి ఆలోచిస్తూ ఉండిపోయాను. తరవాత ఆ మాట బుర్రలో వెలిగింది.

"నాలుగో లైనేమిటి? అక్కడ మౌనం కదా?"

జోజి స్టెన్సిల్ కాగితాల పాత కట్ట మీద కూలబడ్డాడు. "మౌనం కాదు మాస్టారూ. మౌనం నాను సేసినాను."

అప్పుడు చెప్పాడు అసలు కథ. జోజి చేరింది ఎనభై ఆరులో. అంతకు చాలా ఏళ్ళ ముందే బెన్సన్ మాస్టారు పోవడంతో పాటా పోయింది, అది పాడిన మాస్టార్లూ ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. అప్పుడు కొత్తగా వచ్చిన ప్రిన్సిపాల్ గారికి బీరువా అడుగున పాట రాసిన కాగితం ఒకటి దొరికింది. ఉన్నది ఆ ఒక్క ప్రతే. ఇరవై రెండేళ్ళ జోజికి శుక్రవారం ఇచ్చి, సోమవారానికి స్టెన్సిల్ కొట్టి రెండు వందల కాపీలు తియ్యమన్నారు. చూస్తే కింద మూల చెదలు తినేసింది. మూడో చరణంలో నాలుగో లైను పూర్తిగా పోయింది. బెన్సన్ మాస్టారి భార్య పూర్ణా మార్కెట్ వెనక సందులో ఉంటుంది, ఆవిడని అడిగి రాసుకోవాలని జోజి అనుకున్నాడు. శనివారం బయలుదేరాడు కూడా. సరిగ్గా అప్పుడే పెళ్ళిచూపులకి రమ్మని కబురొచ్చింది. పిల్ల రోజలిన్. పూర్ణా మార్కెట్‌కి వెళ్ళాల్సిన మనిషి అటు వెళ్ళాడు. రెండు పూటలా భోజనం అక్కడే చేశాడు. ఆదివారం రాత్రి వచ్చి, ఆ లైను దగ్గర చుక్కలు కొట్టేసి, తరవాత నింపుదామనుకున్నాడు.

"సోమారం పొద్దున్న పాట మొదలైపోనాది. సుక్కల కాడికి వచ్చి హార్మోనీ ఆగిపోనాది. అందరూ ఒకల మొకం ఒకలు సూత్తన్నారు. పిన్సిపాలు గారు నా సెవిలో 'ఇదేంటయ్యా?' అన్నారు. ఉజ్జోగం ఊడిపోద్దని బయ్యం. 'మౌన ప్రార్థన సార్, దొరసానమ్మగారి కోసం, పాత అలవాటు' అన్నాను. ఆయన టక్కున తల దించీసినారు. ఆయన దించినారని అందరూ దించినారు. నానూ దించినాను. అప్పుడు ఎత్తలేకపోనాను మాస్టారూ, ఇప్పటికీ ఎత్తలేకపోతన్నాను."

బెన్సన్ మాస్టారి భార్య మరుసటి ఏడాదే పోయింది. అడగడానికి ఇంకెవరూ మిగల్లేదు. నవ్వు ఆపుకోలేక నేను స్టేపుల్ పిన్నుల డబ్బా కింద పడేశాను. తరవాత నా ఒకటిన్నర పేజీ గుర్తొచ్చి, నవ్వు దానంతటదే ఆగిపోయింది. చెదలు తిన్న రంధ్రం మీద గురుదక్షిణ అని రాసి, సంతకం పెట్టి ఇచ్చిన పండితుణ్ణి నేనే.

"దువ్వాడలో ఆవిడకి చెప్పేశావా?"

"ఎండలు ముదిరిపోనాయమ్మా, అంత దూరం ఎందుకమ్మా, ఆయాసం వత్తాది అన్నాను. 'నాకు ఆయాసం లేదు బాబూ, నీకే ఉన్నట్టుంది, మంచినీళ్ళు తాగు' అన్నారు."

ఆ సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. రోజలిన్‌కి ఈ సంగతి పెళ్ళయిన నెలకే తెలుసట. పప్పు పోపు పెడుతూనే తీర్పు చెప్పింది.

"నన్ను సూడ్డానికొచ్చి ఆ లైను పోగొట్టుకున్నానని నలభై ఏళ్ళ నుంచీ నా మీదికే నెట్టీసినాడు మాస్టారూ. నాను రమ్మన్నానేటి ఈయన్ని? రెండో పూట భోజనానికి ఎవలుండమన్నారు? సెప్పీమను పిన్సిపాలు గారికి. శాలువా లేకపోతే పోనాది, ఇంట్లో దుప్పట్లు నేవేటి?"

"శాలువా గురించి కాదే," అన్నాడు జోజి. "అందరూ వత్తన్నారు. అందరి ముందూ నా పేరు పిలుత్తారు. ఆ రోజే దొంగ అని తెలిసిపోతే?"

అంతవరకూ నవ్వులాటగా ఉన్న నాకు జాలేసింది. నలభై ఏళ్ళకి ఒక్కసారి పేరు పిలుస్తారని ఎదురుచూస్తున్న మనిషి, పిలిచేది ఎందుకో తెలియక భయపడుతున్నాడు.

మర్నాడు ప్రిన్సిపాల్ గదికి వెళ్ళాడు. రిచర్డ్ గారు తల ఎత్తకుండానే "జోజీ, గేటు మీద ఫ్లెక్సీ వంకరగా ఉంది చూడు" అన్నారు. వెళ్ళి సరిచేశాడు. అందులో 'మౌనం మా వారసత్వం' అని రెండడుగుల అక్షరాలు. గురువారం మళ్ళీ వెళ్ళాడు. టీ ఇవ్వడానికి వచ్చాడనుకుని ఆయన కప్పు అందుకున్నారు. శుక్రవారం నేను కూడా వెళ్ళాను. ఇద్దరం కలిసి నోరు విప్పకుండా తిరిగి వచ్చాం. మౌనం మీద అంత రాసిన నాకు అది బాగానే వంటబట్టింది.

శనివారం హాలు కిక్కిరిసింది. ముందు వరసలో కర్ర పట్టుకుని, తెల్ల చీరలో దేవకుమారి గారు. వెనక రెండు వరసలూ కంచరపాలెం చర్చివాళ్ళు. కొత్త చొక్కాలో జోజి గంట తాడు పక్కన, తలుపు దగ్గర నిలబడ్డాడు. చొక్కా జేబులో ఆ రోజు మూడు పెన్నులున్నాయి.

పాట మొదలైంది. ఆవిడ గొంతు వణుకుతున్నా గట్టిగానే పాడారు. రెండు చరణాలు అయిపోయాయి. మూడోది అందుకున్నాం.

పునాది వేసిన వారికి వందనం,
పుస్తకమిచ్చిన వారికి వందనం,
దారి చూపిన గురువుకు వందనం...

హార్మోనియం ఆగింది. నాలుగు వందల తలలు వంగాయి. నేను కళ్ళు గట్టిగా మూసుకున్నాను. ఆ నిశ్శబ్దంలో ఒకే ఒక్క గొంతు, ఎవరి తోడూ లేకుండా, సాగింది.

గంట కొట్టి, గది ఊడ్చి, గంజి కాచిన చేతికి వందనం.

తలలన్నీ లేచాయి. ఆవిడ పల్లవి కోసం చూస్తున్నారు. ఎవరూ అందుకోలేదు. కర్రతో నేల మీద తట్టి, వెనక్కి తిరిగారు.

"ఏటి, ఎవరూ పాడరేటి? మంచి లైను కదా అది?"

రిచర్డ్ గారు దగ్గరికి వెళ్ళి వంగారు. "అది మౌనం అండీ. మేడమ్ క్లారా గారి స్మరణ. మొదటి నుంచీ ఉన్న ఆచారం."

"ఏ మొదటి నుంచి నాయనా? డెబ్భై ఏళ్ళ కిందట నేనున్నాను ఇక్కడ. మేమెవరమూ నోరు మూసుకోలేదు. మా వంటామె ఈ లైను కోసమే గరిటె పట్టుకుని వచ్చి నిలబడేది. తన పని పాటలో ఉందని ఎంత మురిసేదో!"

పిల్లల్లో గుసగుసలు లేచాయి. ఫ్లెక్సీ సంగతి గుర్తొచ్చి కాబోలు రిచర్డ్ గారి మొహం పాలిపోయింది. ఆయన నా వైపు చూశారు. నేను పైకప్పు చూశాను. అప్పుడు తలుపు దగ్గర నుంచి జోజి నడిచి వచ్చాడు. పిలవకుండానే వేదిక ముందు నిలబడ్డాడు.

"సార్, ఆ లైను నాను తినీసినాను," అన్నాడు. "సెదలు సగం, నాను సగం. ఎనబై ఆరులో స్టెన్సిలు కొట్టినప్పుడు కాళీ వొగ్గీసినాను. అడగడానికి వెళ్ళనేదు. మౌన పార్దన అని అబద్దం ఆడీసినాను. నలభై ఏళ్ళు ఈళ్ళందరి సేతా తల దింపించినాను. ఆ శాలువా నాకొద్దు సార్. మీరేం సేసినా పడతాను."

రిచర్డ్ గారు నోరు తెరిచారు. సరిగ్గా ఆ క్షణంలో బొగ్గు బండి వచ్చింది.

బండి వస్తే ఎవరూ మాట్లాడకూడదు, అది మా కాలేజీ పద్ధతి. రిచర్డ్ గారు తెరిచిన నోరు మూశారు. జోజి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పిల్లలు అలవాటుగా పెట్టెలు లెక్కపెట్టారు. ఒకటి, రెండు, పది, ఇరవై. ముప్ఫై దాటాక రిచర్డ్ గారి భుజాలు కదిలాయి. ఏడుస్తున్నారేమో అనుకున్నాం. నలభయ్యో పెట్టె దగ్గర తెలిసింది, నవ్వుతున్నారు. యాభై ఎనిమిదోది దాటేసరికి కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటున్నారు.

"అర్జునరావూ," అన్నారు, "ఆ ఒకటిన్నర పేజీ..."

"మళ్ళీ రాస్తాను సార్."

"ఈసారి అడిగి రాయి."

హాలంతా నవ్వింది. జోజి మాత్రం నవ్వలేదు. దేవకుమారి గారు కర్ర ఊతంగా లేచి అతని దగ్గరికి వచ్చారు. కొత్త చొక్కానీ, మూడు పెన్నుల్నీ చూశారు.

"ఇక్కడ గంట కొట్టేది ఎవరు బాబూ?"

"నానేనమ్మా."

"ఊడ్చేది?"

"నానే."

"గంజి?"

"గంజి కాదమ్మా. టీ పెడతాను."

"అయితే నలభై ఏళ్ళ నుంచి నీకు రావలసిన దణ్ణాన్ని నువ్వే ఆపుకున్నావన్నమాట," అన్నారావిడ. "ఆపుకున్నది చాలు. బోర్డు మీద రాయి. నేను చెబుతాను."

జోజి జేబులోంచి పెన్ను తీశాడు. అది రాయని పెన్ను. తరవాత చాక్‌పీసు దొరికింది. ఆవిడ ఒక్కో మాటే చెబుతుంటే, బోర్డు మీద రాశాడు. వెనక వరసలో రోజలిన్ పట్టుచీర కొంగుతో ముక్కు తుడుచుకుంది. రాయడం అయ్యాక రిచర్డ్ గారు శాలువా తెచ్చి అతని భుజాల మీద కప్పారు. అతను దాని అంచులు రెండు చేతులతో పట్టుకున్నాడు.

"మూడో చరణం," అన్నారు రిచర్డ్ గారు. "మొదటి నుంచి."

హార్మోనియం లేచింది. పునాదికి, పుస్తకానికి, గురువుకి వందనాలు చెప్పాం. నాలుగో లైను దగ్గర ఈసారి హార్మోనియం ఆగలేదు. అలవాటు కొద్దీ వంగిన తలలు కొన్ని మళ్ళీ లేచాయి. నాలుగు వందల అరవై గొంతులు, మూడు ఆటోల చర్చివాళ్ళు, నేను, సుధారాణి, రోజలిన్, అందరం బోర్డు చూస్తూ ఆ లైను పాడాం. హాల్లో ఆ లైను పాడకుండా తల వంచుకుని నిలబడినవాడు జోజి ఒక్కడే.